మల్లేశన్న పంది వెంట్రుకల బ్రష్

దొంగతనమంటూ చేస్తే బంగారమో, బైకో అయి ఉండాలి. నేను గడ్డం బ్రష్ దొంగిలించాను. అదీ వాడి వాడి పాతబడిన పంది వెంట్రుకల బ్రష్. పట్టపగలు, ముఖమంతా సబ్బు నురగతో, కెమెరా కింద కూర్చుని మరీ దొంగిలించాను. మా వంశంలో ఇంతటి ఘనకార్యం చేసినవాడు మరొకడు లేడు. ఎలా తగలబడిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. ఉద్యోగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక యాప్‌లో బటన్లు నొక్కి, పనిచేస్తున్నాయో లేదో చెప్పడం. వారమంతా నన్ను తిన్నావా అని అడిగే దిక్కు ఉండేది కాదు. ఆదివారం మాత్రం మార్కెట్ వెనక సందులో మల్లేశన్న సెలూన్‌కి వెళ్లేవాణ్ణి. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, గోడకి మసకబారిన అద్దం. నేను పదింటికల్లా రాకపోతే ఫోన్ చేసి, "ఏంది తమ్మీ, పానం బాగలేదా?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాట కోసమే ఒక్కోసారి కావాలని ఆలస్యంగా వెళ్లేవాణ్ణి.

ఇక అతని బ్రష్ సంగతి. వేడినీళ్లలో నానిన బ్రష్ తీసి, విదిలించి, కప్పులోని సబ్బు మీద గిరగిరా తిప్పి, చెంప మీద పెట్టేవాడు. అంతే, నా కళ్లు వాటంతటవే మూతపడేవి. చిన్నప్పుడు అమ్మ తలంటుపోసేటప్పుడు తప్ప అంత సుఖం నేనెరగను.

మామూలు మనిషికి ఒకటి నచ్చితే సంతోషిస్తాడు. సాఫ్ట్‌వేర్ వాడు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. నేను తెరిచాను. గుర్రం వెంట్రుకలు, పంది వెంట్రుకలు, ప్లాస్టిక్ పోగులు, మెత్తదనం, నురగ, ఆరే సమయం. నెల రోజుల పరిశోధన తర్వాత పంది వెంట్రుకల బ్రష్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. చెంపకి ఆనించగానే అర్థమైంది, అది బ్రష్ కాదు, కొబ్బరీనెల చీపురుకి పుట్టిన బిడ్డ. వెళ్లి మల్లేశన్నతో మొరపెట్టుకున్నాను.

"అన్నా, మీ బ్రష్ ఏ కంపెనీదండి?"

"కంపెనీ గింపెనీ తెల్వది తమ్మీ. పంది ఎంటికెలది. మా నాయిన కొన్నడు."

"నేను కొన్నదీ పందిదేనండి. ముళ్లలా గుచ్చుతోంది."

"కొత్తల గట్లనే ఉంటది. రాయంగ రాయంగ కొసలు చీలి మెత్తగైతయి."

"ఎన్నాళ్లు పడుతుందండి?"

"నేనైతే ఇరవై ఏండ్ల సంది రాస్తున్న. అంతకుముందు మా నాయిన రాసిండు. జర ఓపిక పట్టు."

ఓపిక అనేది నా షీటులో లేని కాలమ్. ఆ రాత్రి పడుకుని లెక్కగా ఆలోచించాను. నాకు పాత బ్రష్ కావాలి. మల్లేశన్నకి కొత్త బ్రష్ వస్తే మంచిదే కదా. పిడి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. అడిగితే కాదంటాడేమో, అడక్కుండా మార్చేస్తే ఇద్దరికీ లాభమే. దీన్ని దొంగతనం అనరు, అప్‌గ్రేడ్ అంటారు. పోయేకాలానికి ఇలాంటి తెలివితేటలే పుడతాయని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం కొత్త బ్రష్ జేబులో వేసుకుని వెళ్లాను. మల్లేశన్న నా ముఖానికి నురగ పట్టించి, కత్తి అందుకోబోతుండగా ఫోన్ మోగింది. సిగ్నల్ కోసం బయటికి వెళ్లాడు. షాపులో ఎవరూ లేరు. మెడకి కట్టిన తెల్ల దుప్పటితోనే లేచాను, కప్పులోంచి అతని బ్రష్ తీశాను, నాది పెట్టాను, పాతదాన్ని ఒకసారి ముద్దుగా వాసన చూసి జేబులో వేసుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. తడిసిన జేబు తొడకి అంటుకుంది. అయినా లోపల ఒక పెద్ద ప్రాజెక్టు పూర్తిచేసినంత ఆనందం.

ఆ ఆనందం మర్నాడు ఉదయం దాకే. గదిలో ఆ బ్రష్‌తో రాసుకుంటే ఏమీ లేదు. మెత్తగానే ఉంది, కాదనను. కానీ కళ్లు మూతపడలేదు. నురగ ముక్కులోకి వెళ్లింది, చెవిలోకి వెళ్లింది, గడ్డం మీద మాత్రం నిలవలేదు. బ్రష్‌ని తెచ్చుకున్నాను గానీ ఆ చేతిని తెచ్చుకోలేకపోయానని అర్థమయ్యేసరికి ఆఫీసు బస్సు వెళ్లిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేను వారమంతా గడ్డం తడుముకున్నాను. మరుసటి ఆదివారం వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. అక్కడ సుబ్బారావు గారు నిలబడి ఉన్నారు. ఆయన రిటైరైన రెవెన్యూ ఉద్యోగి, మా గోదావరి వైపు మనిషే. ఎడమ చెంప టమాటాలా ఉంది.

"ఏవయ్యా మల్లేశం, గడ్డానికి సబ్బు రాశావా, గిన్నెలు తోమావా?" అంటున్నారు.

"ఏం చెయ్యమంటరు సార్. పోయిన ఐతారం నా బ్రష్ ఎవడో మార్చిండు. మా నాయిన బ్రష్ అది. ఆయన పోయినంక నాకని మిగిలింది గదొక్కటే." మల్లేశన్న గొంతు బాగా తగ్గింది. అతనికి అది సామాను కాదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

"మొన్న పైన కెమెరా పెట్టించావుగా, చూడొచ్చుగా?"

"నాకు చూసుడు రాదు సార్." అని మల్లేశన్న నావైపు తిరిగాడు. ముఖం వెలిగింది. "తమ్ముడున్నడు కద, సాఫ్ట్‌వేర్."

చదువరులారా, తెలుగు నేల మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి టీవీ రిమోటు దగ్గర్నుంచి వాటర్ ప్యూరిఫయర్ దాకా అన్నీ బాగుచేయడం వచ్చి ఉండాలి. ఇక కెమెరా ఎంత?

"నాది ఆ డిపార్ట్‌మెంటు కాదండి," అన్నాను.

"అదేంటి బాబూ, మా అల్లుడు కూడా సాఫ్ట్‌వేరే, మా ఫ్రిజ్ బాగుచేశాడు," అన్నారు సుబ్బారావు గారు.

మల్లేశన్న తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఇద్దరూ నా రెండు భుజాల వెనక నిలబడ్డారు. నా నేరాన్ని నేనే వెతికి, నేనే ఆడించి చూపించాల్సిన యోగం పట్టింది. మొదట శుక్రవారం పెట్టాను.

"పోయిన ఆదివారం పెట్టు బాబూ," అన్నారు సుబ్బారావు గారు.

తెర మీద డిలీట్ బొమ్మ కనిపిస్తోంది. వేలు దాని దాకా వెళ్లింది. కానీ వెనక మల్లేశన్న ఊపిరి నా చెవికి తగులుతోంది. వేలు వెనక్కి తీసుకున్నాను. ఆదివారం పెట్టాను.

కెమెరా సరిగ్గా కుర్చీ నెత్తి మీద ఉంది. కుర్చీలోంచి తెల్ల దుప్పటి ఒకటి లేచింది. నాలుగు దిక్కులా చూసింది. బ్రష్ మార్చింది. వాసన చూసింది.

"ముసుగు దొంగల గురించి విన్నాను గానీ, నురగ దొంగని ఇదే చూడటం," అన్నారు సుబ్బారావు గారు. "మొహమంతా తెలుపే. ఎవడో కనిపెట్టడం ఎలాగ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఈ ఏరియా వాడిలా లేడండి," అన్నాను, గొంతు సవరించుకుని.

మల్లేశన్న ఫోన్ తీసుకున్నాడు. చూడటం రాదన్న మనిషి రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేశాడు. "మొకంతోని నాకేం పని సార్. ఇరవై ఏండ్ల సంది నేను సూసేది నెత్తులే. గిదో, రెండు సుడులు."

"రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు. ఎవరయ్యా ఆ అదృష్టవంతుడు?"

నా చెయ్యి నా ప్రమేయం లేకుండా నడినెత్తి మీదికి వెళ్లింది. మల్లేశన్న దాన్ని చూశాడు. నన్ను చూశాడు. ఫోన్ కట్టేసి జేబులో వేసుకున్నాడు.

"తెల్వది సార్. శానమంది వస్తరు, పోతరు."

సుబ్బారావు గారు వెళ్లిపోయారు. మల్లేశన్న కుర్చీ దులిపి, "కూసో," అన్నాడు. కూర్చున్నాను.

"అడిగితే ఇయ్యనా?"

"ఇచ్చేవారా అన్నా?"

"ఇయ్య. గాని అడగాలె కద."

తిట్టినా బాగుండేది. గదికి పరుగెత్తి బ్రష్ తెచ్చి రెండు చేతులా ఇచ్చాను. దాన్ని తువ్వాలుతో తుడిచి, కొసలు బొటనవేలితో నిమిరి, పైఅరలో పెట్టాడు. తర్వాత నా కొత్త బ్రష్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మంచిదే కొన్నవ్ తమ్మీ. మెత్తగైతే జబర్దస్తుంటది. వచ్చిన గిరాకీల మీద రాస్తే లేచి ఉరుకుతరు. ఎవరిమీదనన్న రాయాలె."

"ఎవరిమీద అన్నా?"

అతను దాన్ని సబ్బు మీద తిప్పడం మొదలుపెట్టాడు.

ఏడాది పాటు, ప్రతి ఆదివారం, చందానగర్‌లో ఆ ముళ్లకంప ఒక్క నా చెంపల మీదే అరిగింది. సోమవారం ఆఫీసులో, "ఏమైంది, పిల్లి గీరిందా?" అనేవారు. పండగ పూట కూడా మినహాయింపు లేదు. అయినా ఒక్క ఆదివారం మానలేదు, ఎందుకంటే అతను ఫోన్ చేయడం మానలేదు. ఇప్పుడు నేను ఉంటున్న టవర్ కింద అద్దాల సెలూన్ ఉంది, టోకెన్ ఇస్తారు, కాఫీ ఇస్తారు, పానం బాగలేదా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ మంటే నయమనిపిస్తుంది.

ఏడాది గడిచాక ఒక ఆదివారం బ్రష్ చెంప మీద తిరుగుతుంటే నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఆనందం పట్టలేక, "అన్నా, మెత్తబడింది," అన్నాను.

మల్లేశన్న ఆగి, బ్రష్ కొసలు తన ముంజేతికి రాసి చూసుకున్నాడు.

"లేదు తమ్మీ. బ్రష్ గట్లనే ఉన్నది. నీ చెంపలే మొద్దుబారినయ్."

కాబట్టి నా మొద్దు చెంపల సాక్షిగా, పంచభూతాల సాక్షిగా, ఆ వీడియోని ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్న మల్లేశన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరొకరి బ్రష్ ముట్టను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని ముట్టాల్సి వచ్చినా, టోపీ లేకుండా ముట్టను.