బాల్వాడిలో నేను నేర్పిన నడక

ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలోనూ రాయలేదు. ఆ ఏప్రిల్ నెల పేజీలు తిరగేస్తే "ఈరోజు కూడా ఎండ", "ఎండ చాలా ఎక్కువ", ఒక్కోచోట ఉత్త "ఎండ" అని మాత్రమే ఉంటుంది. ఆ ఎండ నాకు ఎక్కడ తగిలిందో రాయడానికి చేయి రాలేదు. (మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఎవరో చదువుతారని భయం.)

ఆ రోజుల్లో ఆడపిల్ల తలనొప్పి గురించి చెప్పుకోవచ్చు, పంటినొప్పి అయితే నలుగురిలో కూర్చుని చెప్పుకోవచ్చు. నడుము కింద నుంచి మోకాలి పైదాకా ఉన్నది మాత్రం ఎవరో పరాయివాళ్ల పొలంలాంటిది, అటు చూడకుండా గట్టు మీద నుంచి పోవాలి. ఎల్లారెడ్డిలో అద్దెకు పుస్తకాలిచ్చే డబ్బా కొట్టు ఒకటి ఉండేది. అక్కడి నవలలన్నీ దొంగచాటుగా చదివేశాను. అందులో నాయికలు కొండలెక్కారు, వానలో తడిశారు, ప్రేమించినవాడి కోసం రైల్వే స్టేషన్ దాకా పరుగెత్తారు. ఒక్కరికీ తొడలు ఒరుసుకుపోలేదు. కాబట్టి లోకంలో ఈ రోగం నాకొక్కదానికే వచ్చిందని గట్టిగా నమ్మాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పోచారం చెరువు అడుగు కనబడుతోంది, కాలువ కింద మా బాపు చేసే మడి బీడుపడి పగుళ్లిచ్చింది. (నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలవడం మా వైపు అలవాటు.) బాపు మాట్లాడటం తగ్గించి, అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూడటం పెంచాడు. అలాంటి రోజుల్లో నాగిరెడ్డిపేట దాటాక ఒక చిన్న ఊళ్లో నాకు బాల్వాడి టీచరు కొలువు దొరికింది. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కి రోడ్డు మీద దిగి, ఎండిపోయిన కాలువ గట్టు వెంట చాలాదూరం నడవాలి. నాకు ఆ కొలువు కంటే ఆ బస్సు ముఖ్యం. కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిస్తే నన్ను పిలిచేవాళ్లు ఉండరు. రోజులో నాది అనిపించే సమయం అదొక్కటే. కొలువు పోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఇంట్లో మా అవ్వ బీడీలు చుట్టేది. ఆమె చాట పక్కనే ఇంకో ఖాళీ చాట గోడకు ఆనించి ఉండేది, నా కోసం. బాపు ఆ సంగతి అడపాదడపా గుర్తు చేసేవాడు. "గంత దూరం పోయి ఎవల పిల్లలయో ముక్కులు తుడిచేకన్న ఇంట్ల కూసొని బీడీలు జేస్తె కాదా?"

టీచరన్నాక చీరే కట్టాలని మా సూపర్వైజర్ మేడమ్ మొదటిరోజే చెప్పింది. అప్పటిదాకా లంగా ఓణీల్లో తిరిగినదాన్ని. అవ్వ తన పెళ్లినాటి పెట్టె తీసి రెండు చీరలు ఇచ్చింది, రెండు లోపలి లంగాలు కొత్తగా కుట్టించింది. అన్నింటికీ గంజి పెట్టింది. మా ఇంట్లో అంతకుముందు ఎవరి బట్టలకూ గంజి లేదు. "టీచరమ్మ బట్టలు కడక్ ఉండాలె," అన్నది, తనే ఎక్కడో టీచరుగా చేరినట్టు. చీరకు పెట్టింది, రవికకు పెట్టింది, చివరికి లోపలి లంగాకూ పెట్టింది. ఆరిన తర్వాత ఆ లంగాను నేల మీద నిలబెడితే మనిషి లేకుండానే నిలబడేది. నేనందులోకి దిగి బొందు బిగించుకునేదాన్ని. నడుస్తుంటే లోపల ఎవరో కొత్త పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టు చప్పుడు.

మొదటి వారం మంట. రెండో వారం, బస్సు మెట్టు ఎక్కాలంటే దేవుణ్ణి తలుచుకునే స్థితి. చెమటకు తడిసిన గంజి బట్ట మడతలుపడి తొడల మధ్య చేరేది. గట్టు సగం దాటేసరికి అది బట్టలా ఉండేది కాదు, ఆకురాయిలా ఉండేది. నాకు తోచిన వైద్యాలు నేను చేసుకున్నాను. కొబ్బరినూనె రాస్తే చీర మీదికి మరక వచ్చింది. పసుపు రాస్తే ఇంకా అన్యాయంగా వచ్చింది. చివరికి మొహానికి వేసుకునే పౌడరు డబ్బా ఎత్తుకున్నాను. అది నిజంగానే హాయిగా ఉండేది, కాలువ మొదటి మలుపు దాకా. ఆ తర్వాత పౌడరు, చెమట, గంజి కలిసి ముద్దయ్యేవి. (ఆ ముద్దతో చిన్న గోడకు సున్నం వేయొచ్చు.) కానీ డబ్బా ఖాళీ అయిన సంగతి ఇంట్లో దాగలేదు.

"ఏందే, డబ్బ మొత్తం ఒడిసింది?" అని బాపు ఒకరోజు డబ్బాను చెవి దగ్గర ఆడించి చూశాడు. "మొఖం జూస్తె ఎప్పటి తీరుగనే ఉన్నది. పౌడరంత యాడికి పోతున్నది?"

నేను చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"బస్సుల ఎవలన్న కలుస్తున్నరా?" గొంతు మారింది. "గట్లాంటిది ఏమన్న ఉంటె శెప్పు. రేపటి సంది బస్సు బందు."

అవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. "పిల్లలకు రాస్తదేమో," అన్నది. "బాల్వాడి పిల్లలకు శెమటకాయలు లేస్తయి."

నేను వెంటనే తల ఊపాను. ఆ క్షణంలో అవ్వ నన్ను చూసిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి పౌడరు ముట్టుకోలేదు, నడక మార్చుకున్నాను. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ఒక్కో వైపు వొరుగుతూ, నిండు బిందె ఎత్తుకున్న మనిషిలా. ఇంటి దగ్గరా, బస్టాండులోనూ పళ్లు బిగించి మామూలుగా నడిచేదాన్ని. బస్సు దిగి గట్టు ఎక్కాక మాత్రం ఎవరూ చూడటం లేదన్న ధైర్యం.

చూస్తున్నారు. పిల్లలు చూస్తున్నారు. రోజూ వాళ్లను వరుసలో నిలబెట్టి, ఒకరి అంగీ ఒకరు పట్టుకుని, రైలు బండిలా చేతులు కడిగించడానికి బోరింగు దాకా తీసుకుపోయేదాన్ని. ముందు నేను ఇంజను. వెనక్కి తిరిగి చూసే అలవాటు ఇంజనుకు ఉండదు కదా. ఒక శుక్రవారం, కామారెడ్డి నుంచి సూపర్వైజర్ మేడమ్ చెప్పకుండా జీపులో దిగింది. దిగి, అలాగే నిలబడిపోయింది. నేను ఆమె చూపు వెంట వెనక్కి తిరిగాను. రైలు మొత్తం కాళ్లు ఎడంగా పెట్టి, కుడికీ ఎడమకీ వొరుగుతూ, చాలా శ్రద్ధగా వస్తోంది. మూడేళ్లది కూడా.

"ఏందమ్మా ఇది? పిల్లలందరికి కాళ్లల్ల ఏమైంది?" మేడమ్ గొంతులో నిజంగా భయం ఉంది.

పాయసం గిన్నె కడుగుతున్న మా ఆయమ్మ పరుగున వచ్చింది. ఆమెకు నేనంటే ఇష్టం, నన్ను కాపాడాలనే వచ్చింది. "బీమారి గిట్ల ఏం లేదు మేడమ్," అన్నది గర్వంగా. "టీచరమ్మ ఎట్ల నడిస్తె గట్లనే నడుస్తుండ్రు. మా ఊరి పిల్లలు హుషారు మేడమ్, ఒక్కసారి జూస్తె నేర్చుకుంటరు."

మేడమ్ ముందున్న పిల్లను దగ్గరికి పిలిచింది. "మంచిగ నడువు బిడ్డా."

"మంచిగనే నడుస్తున్న," అన్నది ఆ పిల్ల. "ఇంటికాడ గట్ల, బడిల గిట్ల."

భూమి చీలితే బాగుండుననిపించింది. (కరువు సంవత్సరం కాబట్టి పగుళ్లకు తక్కువేం లేదు, కానీ ఒక్కటీ నాకు సరిపోయేది కాదు.) మేడమ్ చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకు పిలిచి, కాలికి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. నొప్పా? లేదు. పుట్టుకతోనా? లేదు. ఒక్క మాట చెబితే అయిపోయేది, ఆమె కూడా చీర కట్టిన మనిషే. ఆ మాట నాలుక దాకా కూడా రాలేదు. "అయితే సోమవారం కామారెడ్డిల డాక్టర్‌కు చూపించుకొని నా ఆఫీసుకు రా. నడిచి చూపియ్యాలె. నడవలేకపోతే చెప్పమ్మా, వేరేటామెను పెట్టుకుంట. పిల్లలతోని ఆటలు కాదు."

ఇంట్లో సంగతి సగమే చెప్పాను. బాపు లేచి కండువా వేసుకున్నాడు. "నేను తోలుకపోత దవాఖానకు. పెద్ద డాక్టరుకు చూపిద్దాం, తొడకాయనుంచి మడిమ దాక." గోడకు ఆనించిన చాట వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో డాక్టరు కంటే ఆ చాటే నయమనిపించింది. రేపటి నుంచి మానేస్తానని చెప్పడానికి నోరు తెరిచాను.

"నీకెందుకు తిప్పలు, నేను పోత," అన్నది అవ్వ.

మర్నాడు అవ్వ నా బట్టలు ఉతుకుతూ చాలాసేపు లేవలేదు. వెళ్లి చూస్తే నా లంగాను రెండు చేతులతో పట్టుకుని ఉంది. లోపలివైపు, రక్తపు చారలు ఉన్న చోట, బొటనవేలితో తడుముతోంది. పొయ్యి మీద నుంచి దించిన గంజిని ఆ రోజు బట్టల్లో పోయలేదు, ఉప్పేసుకుని తాగింది. (అన్నాళ్లూ తను తాగే గంజినే నా బట్టలకు పెట్టిందని నాకు అప్పుడు తెలిసింది.) తర్వాత బాపు పాత పంచె ఒకటి తీసింది. ఉతికి ఉతికి పాలమీగడలా అయిన బట్ట. గడపలో కూర్చుని దాన్ని కత్తిరించి, మోకాళ్ల దాకా వచ్చే లాగు ఒకటి చేత్తో కుట్టడం మొదలుపెట్టింది.

"ఏం కుడుతున్నవ్?" బాపు అడిగాడు.

"దవాఖానకు."

"దవాఖానకు లాగెందుకే?"

"ఆడోళ్ల దవాఖాన ముచ్చట నీకెందుకయ్య? పోయి బర్లకు నీళ్లు వెట్టు."

సోమవారం ఇద్దరం కామారెడ్డి బస్సెక్కాం. గంజిలేని లంగా, లోపల ఆ మెత్తని లాగు, పుండ్ల మీద ఇంత వెన్న. బస్సు దిగాక దవాఖాన దారి కుడికి ఉంటే అవ్వ ఎడమకు తిరిగింది. నేరుగా ఆఫీసుకు పోయాం. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నన్ను నడవమన్నారు. మంట ఉంది, అబద్ధం చెప్పను. కానీ బట్ట అడ్డం ఉంది, ఒకదానికొకటి తగలడం లేదు. ఒక కాలు ముందు ఇంకో కాలు వేశాను. వెళ్లాను, తిరిగి వచ్చాను. క్లర్కు కూడా కళ్లజోడు సర్దుకుని చూశాడు. నా జీవితంలో అంతమంది నన్ను చూస్తుండగా నడవడం అదే మొదలు, పెళ్లిపీటల దాకా నడిచినది కూడా దాని తర్వాతే.

"బాగనే నడుస్తున్నవ్ కదా," మేడమ్ ఆశ్చర్యపోయింది. "డాక్టర్ ఏమన్నడు?"

"గంజి బందు వెట్టుమన్నడు మేడమ్," అన్నది అవ్వ, మొహంలో ఏ కదలికా లేకుండా.

"అవునమ్మా, ఇంత కూర, పప్పు పెట్టు. వయసు పిల్ల," అన్నది మేడమ్. కొలువు నిలిచింది.

తిరుగు బస్సులో అవ్వ కిటికీలోంచి చూస్తూ మెల్లగా మాట్లాడింది. "మేము నాట్లకు పోయేటప్పుడు చీర గోచి వెట్టి కడ్తం గద. తొడలకు బట్ట అడ్డముంటది, ఏం గాదు. నువ్వు టీచరమ్మవైతివి, గట్ల కట్టరాదాయె. నాకు యాదికి రాలే బిడ్డ. పైంగ గంజి వెడితిని." అంత పొడుగు మాట ఆమె నాతో అంతకుముందు మాట్లాడిన గుర్తు లేదు. నేనేమైనా అనాలి. పుస్తకాల్లో అయితే నాయిక తల్లి భుజం మీద తల వాలుస్తుంది. నాకు సిగ్గేసి, టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

పిల్లల నడక మాత్రం వానలు పడేదాకా పోలేదు. వరుసలో ముందుండే ఆ పిల్ల అయితే పలకా బలపం పట్టుకుని పెద్ద బడికి పోయేటప్పుడు కూడా ఆ నడకే నడిచేది. ఇప్పుడు ఆమె కూడా చీర కట్టే వయసుకు వచ్చి ఉంటుంది. పళ్లు బిగించి బస్సు మెట్లెక్కిన ఆ పిరికి టీచరు గుర్తొస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, నోరు విప్పి ఒక్క మాట చెప్పొచ్చు కదా పిచ్చిదానా అనాలనిపిస్తుంది. కానీ నేను ఇప్పటికీ చెప్పే మనిషిని కాను, అందుకే రాస్తున్నాను. అవ్వ ఉన్నన్నాళ్లూ మేమిద్దరం మళ్లీ ఆ ముచ్చట ఎత్తలేదు. పెళ్లయ్యాక ఓ వేసవిలో పుట్టింటికి వచ్చి పోతుంటే, నన్ను సాగనంపడానికి తనూ కామారెడ్డి బస్టాండు దాకా వచ్చింది. ఆ వానాకాలంలోనే అవ్వ జ్వరమొచ్చి చనిపోయింది, నేను చేరేసరికి ఆలస్యమైంది. కాబట్టి నాతో ఆమె అన్న ఆఖరి మాట ఆ బస్టాండులోదే. బస్సు కదులుతుంటే, కిటికీ కింద నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని అన్నది.

"ఆ పక్కకు జరిగి కూసో బిడ్డ, ఈ దిక్కు ఎండ పడ్తది."