చీటీలో వచ్చిన గొర్రెలు

నక్కతోక తొక్కడమంటే ఇదే! గొర్రెకు గడ్డి చూపించడం కూడా రాని నాగరాణి ఇంటి ముందు సర్కారు లారీ ఆగింది, నిండు మందను దించి పోయింది.

ఆమె తోడికోడలు బీరమ్మకు కడుపు భగ్గుమంది. మండదా మరి? ఆమె పుట్టిందే మందలో. తిరుమలగిరి చుట్టుపక్కల బీళ్లన్నీ చెప్పుల్లేని కాళ్లతో తిరిగింది. కరువు సగం మందను, మాయరోగం మిగతా సగాన్నీ ఊడ్చుకుపోతే ఇప్పుడు కూలికి పోతోంది. సర్కారిచ్చే గొర్రెలు ముందెవరికో తేల్చడానికి గొల్లల సంఘంలో చీటీలు తీసిన రోజు మరిది నరసింహ పేరు మొదటి విడతలో పడింది. ఆమె పెనిమిటి గాలయ్య పేరు రెండో విడతలో. అదెప్పుడొస్తుందో ఆ మల్లన్నకే ఎరుక. నరసింహేమో ఆటో నడుపుతాడు, నాగరాణి నల్గొండలో కిరాణా దుకాణం వాళ్ల పిల్ల. దేవుడికి కళ్లున్నాయా అసలు?

"యక్కా, మా గొర్లు ఎంత ముద్దుగున్నయో జూసినవా?" అని నాగరాణి మురిసిపోయేది.

"ఆఁ, ఉన్నయి తియ్" అని బీరమ్మ మూతి తిప్పుకునేది.

ఆ ఎండాకాలం ఓ పూట నరసింహ ఆటో వేసుకుని పోతే, నాగరాణే మందను తోలుకెళ్లింది. కోసిన జొన్నచేలో మోళ్లు ఓ మబ్బువానకు పిలకలేసి, మళ్లీ ఎండకు వాడుతున్నాయి. పచ్చగా కనబడగానే సంబరపడి గొర్రెల్ని అందులోకి వదిలింది. వాడిన జొన్నపిలక గొర్రెకు విషమని మంద కాసే ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

గట్టు మీద కట్టెలేరుకుంటున్న బీరమ్మ కేకెయ్యబోయింది. ఆగింది. 'తెలుసుకోనీ, ఊకెనే వచ్చినయి గద' అనుకుని కూర్చుంది. కడుపులో చల్లగా అనిపించింది కూడా, సిగ్గులేని కడుపు!

అంతలో ఓ గొర్రె తూలి పడింది. నోట నురగ. బీరమ్మ దిగ్గున లేచింది. "హోయ్! హోయ్!" అని అరుస్తూ కట్టెతో బాదుతూ మందనంతా చేను బయటికి తరిమింది.

"మా గొర్లను సంపుతున్నవా యక్కా? గింత ఓర్వలేనితనమా?" నాగరాణి ఏడుస్తూ ఎదురొచ్చింది.

"అవి జొన్నపిలకలే పిచ్చిదానా! తింటే సస్తయి!"

నాగరాణి పడిపోయిన గొర్రెను చూసింది. తర్వాత గట్టు మీద బీరమ్మ తీరిగ్గా పేర్చిపెట్టుకున్న కట్టెల మోపును చూసింది.

"పొద్దటిసంది గీడనే ఉన్నవు గద యక్కా. నేను తోలేటప్పుడు జూడలేదా?"

గొర్రె కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.