చెరిపేసిన పెన్సిల్ గీత

మా అన్నయ్యకు చూపు తగ్గిందని అందరికంటే ముందు తేల్చినవాడు యజమాని అల్లుడు. ఆయన మా షెడ్డులో అడుగుపెట్టి మూడు నెలలైనా కాలేదు. అన్నయ్య అక్కడి బ్యాండ్‌సా అనే రంపం మెషీను మీద ఇరవై ఆరేళ్ళుగా చెక్క కోస్తున్నాడు. అతను కోసిన తలుపు పలకల్ని పక్క బల్ల దగ్గర ఉప్పుకాగితంతో రుద్దేది నేను. ఎవరి చూపు ఎంతో నాకు తెలియదా?

తొమ్మిది రోజులుగా కోత ఎడమ పక్కకు పోతోంది. పలక చివరికొచ్చేసరికి గోరంత తేడా. అన్నయ్య బ్లేడు బిగించి చూశాడు, వదులు చేసి చూశాడు, దాన్ని పట్టి ఉంచే చిన్న చక్రాలు సర్దాడు. లాభం లేదు. రోజూ సాయంత్రం అల్లుడుగారు వచ్చి, పలకను వెలుతురుకు పెట్టి చూసి పెదవి విరిచేవాడు.

“వయసు కదా మేస్త్రీ, తప్పేముంది. సోమవారం నుంచి ప్యాకింగు చూసుకోండి” అన్నాడు నవ్వుతూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతకంటే ఒళ్ళు మండించింది అన్నయ్య. మర్నాడు కళ్ళజోడుతో వచ్చాడు.

“నా చూపేనేమో” అన్నాడు తల దించుకుని.

ఇరవై ఆరేళ్ళ తన చేతిని తొమ్మిది రోజుల మాటకు అనుమానించిన మనిషిని ఏమనాలి? ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

శనివారం మెషీను బల్ల మీద పొట్టు ఊడుస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. బల్ల అద్దంలా ఉంది. ఏ బ్లేడైనా కాస్త ఒక పక్కకు లాగుతుంది. అందుకే కొత్తది వేసినప్పుడల్లా అన్నయ్య ఒక తుక్కు చెక్కను ఉత్త చేత్తో గీత వెంట సగం దాకా కోసి ఆపుతాడు. ఆ చెక్క ఎంత ఏటవాలుగా నిలబడిందో చూసి, పలకను ఆనించి తోసే ఇనుప పట్టీని అంతే ఏటవాలుగా బిగిస్తాడు. పట్టీ అంచు వెంట బల్ల మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. చూసేవాళ్ళకు పట్టీ వంకరగానే ఉంటుంది, కోత మాత్రం తిన్నగా వస్తుంది. మళ్ళీ బ్లేడు మార్చేదాకా పట్టీని ఎవరూ కదపరు కాబట్టి, ఇన్నాళ్ళూ అటు చూడాలని మాకు తట్టలేదు.

“అన్నయ్యా, నీ గీతేది?”

అతను వచ్చి బల్ల మీద వేలితో తడిమాడు. “ఎవరు తుడిచారు?”

“నేనే” అన్నాడు వెనకనుంచి అల్లుడు, గొప్పగా. “పండగ సెలవు రోజు వచ్చి శుభ్రం చేశాను. ఆ పట్టీ కూడా వంకరగా ఉంటే మూలమట్టం పెట్టి సరిచేశాను. ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.”

“ఎప్పుడు?” అన్నాను.

“పది రోజులైంది.”

“కోత పాడై తొమ్మిది రోజులైంది. మీరే చూసుకోండి.”

అన్నయ్య మెషీను ఆన్ చేశాడు. తుక్కు చెక్క కోసి ఆపాడు. పట్టీ వదులు చేసి, జరిపి, బిగించి, కొత్త గీత గీశాడు. ఈలోగా యజమాని కూడా వచ్చాడు. తలుపు పలక ఈ చివరనుంచి ఆ చివరకు తిన్నగా తెగింది.

అల్లుడు దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

“చూశారా మామయ్యగారూ, కళ్ళజోడు పెట్టుకోగానే ఎంత తేడా వచ్చిందో.”

నా చేతిలో చీపురుంది. అది ఎక్కడ పడాలో కూడా నిర్ణయించేసుకున్నాను. అన్నయ్య నా మణికట్టు పట్టుకుని ఆపాడు. కళ్ళజోడు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

“కాసేపు పట్టుకోండి.”

ఇంకో పలక కోసి నేరుగా యజమానికిచ్చాడు. ఆయన అంచు పొడవునా బొటనవేలు నడిపాడు.

“సోమవారం ప్యాకింగుకు ఎవరు వెళ్ళాలండీ?” అని అడిగాడు అన్నయ్య.

యజమాని అల్లుడి వైపు తిరిగాడు. అల్లుడు కళ్ళజోడు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.