విడువని పిడికిలి

ఇబ్రహీంపట్నం అంగట్లో చేపలమ్మే సుక్కమ్మకు ఒక అలవాటుంది. బేరం లేనప్పుడు బొచ్చె చేపను తోక పట్టుకుని అడ్డంగా లేపి చూస్తుంది. చచ్చిన కాసేపటికి కట్టెలా నిలిచే చేప, పొద్దు వాలేసరికి మళ్లీ మెత్తబడి వేలాడుతుంది. ఎన్నేళ్లయినా ఆమెకు అది వింతే. దవాఖానలో నర్సుగా చేసే కోడలు నర్మద ఒక మధ్యాహ్నం అన్నం తెస్తే, గిన్నె పక్కన పెట్టి, చేపను లేపి చూపిస్తూ అలా ఎందుకవుతుందని అడిగింది.

“కండల సన్నటి పోగులుంటయి అత్తమ్మా. అవి ఒకదాన్నొకటి పట్టుకొని గుంజితే కండ బిగుస్తది. పట్టు ఇడువాల్నన్నా బలం గావాలె. చచ్చినంక ఆ బలం పుట్టదు, పట్టింది పట్టినట్లే ఉంటది. తర్వాత పోగులే చెడి వదులైతయి.”

“మనిషికి గూడ గంతేనా?”

“అవ్, గంతే.”

సుక్కమ్మ చేతిలోని చేపను దించలేదు.

“మీ మామ పాణం పోయేటప్పుడు నా కొంగు పట్టిండు. శానాసేపైనంక ఎంత గుంజినా పిడికిలి రాకుంటే కొంగు కోసిన్రు. నన్ను ఇడువ బుద్ధిగాలేదనుకున్న, ఇన్నొద్దులు.”



“ఇడువకపోవుడు కండలది అత్తమ్మా. పట్టుకునుడు మామదే.”

సుక్కమ్మ చేపను గంపలో పెట్టి, చేతులు కడుక్కుని, అన్నం గిన్నె దగ్గరికి జరుపుకుంది.