లలితమ్మ దారంతో కొలిచిన గాలి

లలితమ్మ రెండో తరగతి దాటలేదు గానీ, ఆమె లెక్కకు వంక పెట్టగలిగిన మనిషి పోచంపల్లిలో ఇంకా పుట్టలేదు. నలభై ఏళ్లు ఆసు పోసింది. ముడులు కట్టి రంగులద్దక ముందు నూలును మేకుల చుట్టూ రోజుకు వేలసార్లు తిప్పే పని అది. దారం వెంట్రుకంత సాగినా చీర మీద పువ్వు చెదిరిపోతుంది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో కొడుకు నరేష్‌కుమార్ ఇంట్లో ఉంటోంది. మనవరాలు అరుణశ్రీ విమానం నడిపే లైసెన్సుకు పరీక్షలు రాస్తోంది. దారి లెక్కల పేపరు రెండుసార్లు తప్పింది. "గీసారి పోతే మన దిల్‌సుఖ్‌నగర్ దుకాణంల కూసొని చీరెలు మడత పెట్టాలె" అని తండ్రి తేల్చేశాడు.

పరీక్ష ముందురోజు పొద్దున ఆ పిల్ల కాగితం ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

"ఏందే, విమానం నడిపేదానివి, గింత ఏడుపా?"

"విమానం వేగం వంద, పక్కకెళ్లి గాలి యాభై. దారి తప్పకుండ పోవాలంటే ముక్కు గాలి దిక్కు ఎంత తిప్పాలె? నాకు ఇరవై ఏడు డిగ్రీలొస్తుంది, బుక్కుల ముప్పై ఉంది నాయనమ్మా."

కాగితం మీద దారి గీత పది సెంటీమీటర్లు, దాని చివర నిలువుగా గాలి గీత ఐదు. దారి మొదలునూ గాలి గీత కొసనూ కలుపుతూ ఏటవాలు గీత.

"ముక్కు తిరిగిన గీత గిదేనా?"

"అవు."

లలితమ్మ సూది డబ్బాలోంచి దారం తీసి, దాని మీద పరిచి, స్కేలు పక్కన పెట్టి కొలిచింది. పదకొండు దాటింది.

"విమానం జోరు వందే అంటివి. గీడ నూటపన్నెండు ఉరుకుతాంది. నీ కోసం నూలు సాగుతదా?"

దారాన్ని పది సెంటీమీటర్లకు తెంపి, ఒక కొసను బయలుదేరే చోట నొక్కిపట్టింది. ఐదు సెంటీమీటర్లకు విరిచిన అగరుపుల్లను దారి గీత మీద నిలువుగా పెట్టి, దారం రెండో కొస పుల్ల తలకు అందేదాకా వెనక్కి జరిపింది. పుల్ల తొమ్మిదికి లోపే ఆగింది.

అరుణశ్రీ గబుక్కున లేచింది. "వంద ఉండాల్సింది ఏటవాలు గీత! నేను దారి మీద పెట్టి టాన్ వేసిన. సైన్ వెయ్యాలె. వందల యాభై... ముప్పై డిగ్రీలే!"

"గాలికి ఎదురొడ్డితే దారి మీద జోరు తగ్గదా మరి? గింత చదువు చదివి గీ ముక్క తెల్వదా?"

మూడు వారాలకు, అందరూ అన్నాలకు కూర్చున్న వేళ ఫలితం వచ్చింది. ఫోను చూసిన అరుణశ్రీ కేకేసింది. "పాస్ నాయనమ్మా! డెబ్బై ఎనిమిది!"

లలితమ్మ ఫోను లాక్కుని కొడుకు ముందు పెట్టింది.

"నా బిడ్డ పాసయితదని నాకు ముందే ఎరుక" అన్నాడు నరేష్‌కుమార్.

"ఎరుకైతే గా చీరెలు మడతపెట్టుడు ఎవరికోసం చెప్పినవ్‌రా?"

లలితమ్మ కంచం ముందుకు లాక్కుని, మూడు వారాలుగా సరిగ్గా ముట్టని అన్నాన్ని మారు అడిగి మరీ తింది.