ఆరు కోట్ల ఏళ్ల నత్త

మా కాలేజీ పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా ఒక కథ చెప్పుకొని పడీపడీ నవ్వుతారు: జియాలజీ ల్యాబులో అటెండరు అబ్రహాం రాయికి నత్తను అతికించి లెక్చరరు పరువు తీశాడని. ఇన్నేళ్లూ నేనూ సిగ్గులేకుండా నవ్వుతూ వచ్చాను. ఇవాళ నిజం చెబుతున్నాను. ఆ ప్రళయానికి కారకుణ్ణి నేను.

డెబ్బైల్లో బెజవాడలో డిగ్రీ చదివేవాణ్ణి. లెక్చరరు వెంకటరత్నం గారు మమ్మల్ని పంగిడి క్వారీలకు తీసుకెళ్లి, లావా పొరల మధ్య సున్నపురాయిలోంచి, శిలాజంగా మారిన నత్తగుల్ల ఉన్న ముక్క ఒకటి తవ్వించారు.

"రాక్షసబల్లులు అంతరించిన కాలం నాటిదిరా ఇది! ప్రాక్టికల్స్ దాకా నీ దగ్గరుంచు. మట్టి కూడా దులపకు," అంటూ నా చేతిలో పెట్టారు.

దులపొద్దంటే ఊరుకునే వయసా అది? పరీక్షకు రెండు రోజులుందనగా సుత్తీ మేకూ పట్టి శుభ్రం చేశాను. ఎంత శుభ్రమైందంటే, పీట మీద గుప్పెడు పొడి తప్ప ఏమీ మిగల్లేదు.

కాలవలు కట్టేసిన వేసవి. ఏలూరు కాలవ అడుగున బీటలువారిన మట్టిలో, మూత బిగించుకున్న చిన్న నత్త దొరికింది. కదలదు గనక చచ్చిందనుకున్నాను. ఓ రాతిముక్కకు సిమెంటుతో అతికించి, మసి పూసి ఇచ్చేశాను.

"మట్టి దులపలేదు, శభాష్!" అని సార్ బీరువాలో పెట్టించారు.

ప్రాక్టికల్స్ రోజున, రాయి తడిస్తేగాని గీతలు తేలవని, ఎగ్జామినరు గారి కోసం దాన్ని నీళ్ల పళ్లెంలో ఉంచారు. ఈలోగా టీ వచ్చింది. వాళ్ల టీ అయ్యేసరికి నత్త మూత తీసి, కొమ్ములు బయటపెట్టి, తనిఖీకి వచ్చిన అధికారిలా అందర్నీ పరికించింది.

"మాష్టారూ, ఇది పోయి ఎన్నాళ్లయిందన్నారు?" అన్నారు ఎగ్జామినరు.

"ఆరు కోట్ల ఏళ్లండి." సార్ గొంతు నత్తకన్నా నెమ్మదిగా వచ్చింది. మరుక్షణం పిడుగైంది. "అబ్రహాం! తాళం నీ దగ్గరే గదయ్యా! నాతో పరాచికాలా? రేపట్నుంచి రావద్దు!"

"గుణదల మాత సాక్షిగా నాకేం తెలీదండి! పిల్లలు గలవాణ్ణండి!"

అప్పుడు నేనే ధైర్యంగా ముందుకొచ్చానని రాద్దామనుకున్నాను. రాలేదు. నేలకేసి చూస్తున్నాను. అబ్రహామే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, గోళ్లల్లో సిమెంటు పోలేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనేనండి..."

"మరి అసలు రాయేదిరా?"

"పొడైపోయిందండి."

"ఆ పొడైనా తెచ్చి తగలెయ్యి!"

"మా అమ్మ దాంతో ఇత్తడి బిందె తోమేసిందండి."

సార్ కుర్చీలో కూలబడ్డారు. ఎగ్జామినరు మాత్రం ఆసక్తిగా ముందుకు వంగారు. "తళతళలాడిందా?"

"బ్రహ్మాండంగా వచ్చిందండి."

అబ్రహాం ఉద్యోగం నిలిచింది. నా ప్రాక్టికల్ పోయింది. వరండాలో ఉన్నవాళ్లకు వినిపించింది సార్ కేక ఒక్కటే గనక, నింద అతనికే మిగిలింది. అబ్రహాం గారూ, నన్ను క్షమించండి. ఇకమీదట ఏ ప్రాణినైనా అంతరించిందని ప్రకటించే ముందు, నీళ్లలో వేసి, టీ తాగొచ్చి, మరోసారి చూస్తానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.