లేజర్ కింద మిగిలిన తుప్పు

వనపర్తిలో నేను పనిచేసే కాలేజీ ప్రయోగశాలలో ఒక పాత లేజర్ ఉండేది. దాంతో కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేసేవాళ్లం. అవి కంటికి కనిపించనంత సన్నని బొగ్గు గొట్టాలు. కొలిమిలోంచి వట్టి మసితో కలిసి వస్తాయి. లేజర్ కాంతి తగుమాత్రంగా పడితే ముందు మసి కాలిపోతుంది, గొట్టాలు మిగులుతాయి. కాస్త ఎక్కువైతే అన్నీ పోతాయి.

ఆ లేజర్‌కు స్టెబిలైజర్ లేదు. యాసంగి పంటకు కాలువ పొంటి పొలాల్లో మోటార్లన్నీ నడిచినప్పుడు ఓల్టేజి పడిపోయి వెలుగు మందగించేది. నాబ్ తిప్పి పెంచుకునేవాళ్లం. మోటార్లు ఆగగానే మళ్లీ తగ్గించాలి. ఓల్టేజి పెరిగిందనడానికి పైన ఫ్యాన్ జోరందుకోవడమే మాకు గుర్తు.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది గద్వాల దగ్గరి పల్లె. తల్లిదండ్రులు వలస కూలీలు. నెలల తరబడి కొలిమి దగ్గర నిలబడి ఆమె తీసిన నమూనా గోరంత కూడా లేదు. తర్వాత ఆ కొలిమి పాడైంది. గడువు దగ్గరపడింది. ఆమె చదువంతా చిన్న పలక మీది ఆ నల్లటి మరకపైనే ఉంది.

ఒక మధ్యాహ్నం మోటార్లు నడుస్తుండగానే ఆ పలకను లేజర్ కింద పెట్టి నేను నాబ్ బాగా పెంచాను.

"జర ఆగుదాం సార్. మోటర్లు బందయినంక చేద్దాం," అంది.

"గిట్ల భయపడితే పట్టా కంటె ముందు ముసలితనమొస్తది నీకు. నేను చెప్పేదాంక నాబ్ ముట్టకు."

"ముట్ట సార్. మీరు ఫోన్ ముట్టకుండ్రి," అని నవ్వింది.

ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్లాను. ఎవరో చుట్టం, పెళ్లి భోజనాల ముచ్చట.

"సార్, ఫ్యాన్ జోరందుకుంది," అని లోపలి నుంచి పిలిచింది. ఆగమని చెయ్యి చూపించాను. మళ్లీ పిలిచింది. నాకు వినిపించింది.

నేను వచ్చేసరికి పలక మీద ఎర్రటి తుప్పు మాత్రం ఉంది. గొట్టాలు పెరగడానికి వేసిన ఇనుము అది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పెట్టిన నాబ్‌ను విద్యార్థులు ముట్టకూడదన్న పద్ధతి నాదే. ఒకసారి ముట్టినందుకు ఆమెను నలుగురిలో తిట్టాను కూడా.

"ఎట్ల కాలింది?" అని మా డిపార్ట్‌మెంట్ హెడ్ అడిగాడు.

"పిల్ల చూసుకోలేదు సార్," అన్నాను. ఆమె పక్కనే ఉంది. నా వైపు చూడలేదు. కొన్నాళ్లకు మానేసింది.

ఈ మధ్య నాగర్‌కర్నూల్‌లో ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి వెళ్లాను. ఇప్పుడైనా హెడ్‌కు నిజం చెప్తానన్నాను.

"చెప్తే నన్ను మళ్ల తీసుకుంటరా సార్?"

"గడువు దాటిపోయింది కదమ్మా."

"అయితే మీ కోసం చెప్పుకోండ్రి. నాకు క్లాసుంది."

తిరిగొచ్చి చెప్పాను. "ఇప్పుడవన్నీ ఎందుకు తోడుతరు? పోనీయండ్రి," అన్నాడు హెడ్, తలెత్తకుండానే. నేను సరేనన్నాను. బయటికొచ్చాక ఆకలేసింది. క్యాంటీన్‌లో కూర్చుని కడుపునిండా తిన్నాను.